గోడకు బిగించిన తలుపు

ఆ వీధి చివరి ఇల్లు మంచిది కాదని అందరూ చెప్పేవాళ్లే. బయట ఎవరూ లేకుండానే తలుపు చప్పుడవుతుందట... తీస్తే అంతే సంగతులట. అద్దెకు దిగినవాళ్లెవరూ అక్కడ నిలవలేదట.

అందుకే చవగ్గా దొరికింది మన డైరెక్టరుగారికి. వరసగా సినిమాలు బోల్తా కొట్టాక ఇదే ఆఖరి అవకాశం — ఇంట్లోకి దొంగలు జొరబడే కథ. దీనికీ జనం భయపడకపోతే ఇక మూట సర్దుకోవడమే. అయినా నోటికి అదుపుందా? దెయ్యం కనిపిస్తే దానికీ ఓ వేషం ఇస్తానని కోతలు కోశాడు.

ఆయనకో దిక్కుమాలిన అలవాటు. నటుల్ని నిజంగా భయపెడితేనే భయం పలుకుతుందంటాడు. మొదటిరోజే హీరోయిన్‌కి చెప్పకుండా చీకట్లో మెడ మీద చెయ్యి వేయించాడు. పాపం, కిందపడి మణికట్టు బెణికింది. ఈ పెద్దమనిషేమో కేక సరిపోలేదన్నాడు! మళ్లీ అలా చెయ్యనని ఒట్టయితే వేశాడు గానీ, ఆ ఒట్టు ఎవరు నమ్మారు? ఇంకో రూలు కూడా ఉంది. తాను కట్ అనేదాకా కొంప మునిగినా కెమెరా ఆగకూడదు.

ఆ రోజు పట్టపగలే కిటికీలకు నల్లగుడ్డలు కట్టి రాత్రి చేశారు. హాల్లో గోడకు వడ్రంగి ఓ ఉత్తుత్తి తలుపు బిగించాడు. తీస్తే వెనక గోడే. దొంగ వేషగాడు కిటికీలోంచి రావాలి. హీరోయిన్ సోఫాలో ముడుచుకుని కూర్చుంది. కెమెరా తిరుగుతోంది.

టక్... టక్...

ఆ ఉత్తుత్తి తలుపులోంచే!

డైరెక్టరు చప్పున దొంగ వేషగాడి కోసం చూశాడు. వాడు పక్కనే నోరు తెరుచుకుని నిలబడి ఉన్నాడు.

టక్... టక్... టక్...

"మీరు పెట్టించిందేగా సార్," హీరోయిన్ మెల్లగా అంది. "వెళ్లి తీయండి."

అందరూ తననే చూస్తున్నారు. పరువు కోసం కదిలాడు. గడియ లాగాడు. ఎదురుగా ఉత్త గోడ... ఆ గోడే, సరిగ్గా ఆయన ముక్కు ముందు... టక్‌మంది.

పెట్టాడయ్యా కేక — సన్నగా, కీచుగా! లైటు స్టాండు పడేసి, చెప్పులు వదిలేసి, వీధిలోకి పరుగో పరుగు.

గోడకు అవతలున్న వంటింట్లోంచి వడ్రంగి సుత్తితో తొంగిచూశాడు. "చాలామ్మా... ఇంకా కొట్టాలా?"

హీరోయిన్ మణికట్టు రుద్దుకుంటూ చాలంది. కెమెరా మాత్రం ఆగలేదు. కట్ చెప్పాల్సిన మనిషి అప్పటికే వీధి దాటేశాడు.

తర్వాత డైరెక్టరు ఎంత బతిమాలినా నిర్మాత ఆ కేక తీసేయనివ్వలేదు. హీరోయిన్ మొహం మీద దాన్నే అతికించారు. సినిమా ఆడింది. ఆ అమ్మాయి చేత అంత గొప్పగా ఎలా అరిపించారండీ అని ఇప్పటికీ అడుగుతుంటారు.

సిగ్గులేని మనిషి. అది నా పద్ధతి అంటాడు.