నాలుగో మనిషి

ఆ మలుపు దగ్గర బండి ఆపితే, దిగేటప్పుడు ఎంతమందో, ఎక్కేటప్పుడు ఎంతమందో చూసుకోవాలిట.

మన దగ్గర కాదు లెండి. ఆస్ట్రేలియాలో, సముద్రం పక్కనే కొండ అంచున పోయే రోడ్డు మీద. అక్కడొక చెక్క బెంచీ ఉంది. ఎప్పుడో షికారుకొచ్చిన స్నేహితురాళ్ళు ఒకామెను అక్కడ వదిలేసి, తమ కబుర్లలో తాము పడి వెళ్ళిపోయారుట. ఆమె ఆ బెంచీ మీదే కూర్చుని ఎదురుచూసి, ఎదురుచూసి... ఆ తర్వాత ఏమైందో ఎవరూ చెప్పరు. తనంతట తానుగా ఎవరి జోలికీ రాదుట. పిలిస్తే మాత్రం వస్తుందిట.

దెయ్యం కూడా ఫారిన్‌దే దొరికింది మా కనకలక్ష్మికి!

కనకం మా గవరమ్మ పిన్ని కూతురు. మా రెండు కుటుంబాలూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఏ.ఎస్. రావు నగర్‌లో పక్కపక్క వాటాల్లో స్థిరపడ్డాయి. వీధికి ఇద్దరు చొప్పున కంప్యూటర్ చదువులకని విమానం ఎక్కుతున్న రోజులవి. మేమిద్దరం కలిసే వీసాకు పెట్టుకున్నాం. దానికొచ్చింది, నాకు రాలేదు. బేగంపేట విమానాశ్రయంలో దాని మెడలో దండ వేసి, అదే బేగంపేటలో కాల్ సెంటర్లో చేరి, రాత్రంతా దొరల తిట్లు తింటూ కూర్చున్నాను. కుళ్ళు లేదంటే అబద్ధం. ఉంది, బోలెడుంది.

కానీ దాని కుళ్ళు ముందు నాదెంత?

దానికి ప్రాణస్నేహితురాలు లాస్య. బోయిన్‌పల్లి పిల్ల. బళ్ళో ఒకే బెంచీ, కాలేజీలో ఒకే బస్సు, చివరికి ఒకే విమానం. అక్కడ అద్దె భారం తగ్గుతుందని ఇంట్లోకి మూడో మనిషిని తెచ్చుకున్నారు — డోరా. మెట్టుగూడ ఆంగ్లో ఇండియన్ల అమ్మాయి, గలగల్లాడే మనిషి, మాట చివర 'మెన్' అని తగిలించనిదే ఉండదు. అంతే, లాస్య అటు ఒరిగిపోయింది. టీ డోరాతో, బజారు డోరాతో, నవ్వులు డోరాతో, చివరికి పడక కూడా డోరా గదిలోనే. మా కనకం మూతి ముడుచుకుని ఒక్కతే అన్నం తినేది. అది అలిగేకొద్దీ వాళ్ళిద్దరూ ఇంకా దగ్గరయ్యారు.

అలాంటి రోజుల్లో, శని ఆదివారాలకి కారు అద్దెకు తీసుకుని సముద్రపు రోడ్డు మీద పోదామన్నారు. డోరా డ్రైవింగ్, పక్కన లాస్య. వెనక సీట్లో కనకం ఒక్కతే.

మాలో ముగ్గురు కలిసి ఏ పని మీదా బయల్దేరరు. తప్పదనుకుంటే ఒక రాయి వెంట తీసుకుని, అదే నాలుగో మనిషి అనుకుంటారు. పిన్ని ఫోన్లో పదిసార్లు చెప్పిందిట. కానీ ఆ ఊళ్ళో ఇంటి ముందంతా సిమెంటే, రాయి ఎక్కడ దొరుకుతుంది? కనకానికి రాయి కనబడింది దారిలో, ఫోటోల కోసం ఆగిన చోట.

ఆ మలుపులో. ఆ బెంచీ కింద.

నల్లగా, నున్నగా ఉందిట. తీసుకుని, పిన్ని నేర్పినట్టే పైకి అంది: "రామ్మా... మా నాలుగో మనిషివి నువ్వే."

వెనక సీట్లో తన పక్కన పెట్టి బెల్టు కూడా కట్టింది.

"ఏయ్, రాయికి బెల్ట్ ఏంటి మెన్!" డోరా పడీపడీ నవ్వింది.

"ఏందే గిట్ల? పరువు తీస్తున్నవ్," అంది లాస్య. అని, డోరా వైపు చూసి తనూ నవ్వింది. ఆ చూపు కనకానికి ముల్లులా దిగింది.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో పెట్రోలు కోసం ఆగితే, అక్కడి ముసలామె ఆ మలుపు కథంతా చెప్పి, చివర్న మెల్లిగా అడిగిందిట: "అక్కడ ఎవర్నీ పిలవలేదు కదా?"

డోరా నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. కనకానికి బెంచీ కింద తీసిన రాయి గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు. చెబితే ఇద్దరూ కలిసి మళ్ళీ నవ్వుతారు. దెయ్యమైనా నయమే, ఆ నవ్వు మాత్రం నేను పడలేను అనుకుందిట.

చీకటి పడింది. సముద్రం మీంచి మంచు లేచి రోడ్డును కప్పేసింది. కనకం కళ్ళు మూసుకుని పడుకుంది... నిద్రపోలేదు.

ముందు సీట్లో గుసగుసలు.

"నిద్రవోయింది... డోరా, నాతోని ఐతలేదే. ఎప్పుడు చూసినా మొహం మాడ్చుకోని కూసుంటది. మనిద్దరం వేరే ఇల్లు చూస్కుందామా?"

"పాపం మెన్..."

"పాపమే. కానీ జెర ఊపిరి ఆడాలె కదా."

కనకం కళ్ళు తెరవలేదు. గుండెలో మాత్రం ఏదో తెగిపోయిందిట. పదేళ్ళ స్నేహం! మొన్న వచ్చినదాని కోసం!

కాసేపటికి డోరా కళ్ళు లాగుతున్నాయంటే బండి ఆపారు. స్టీరింగు లాస్య తీసుకుంటుంది. ఇద్దరూ దిగి, అటూ ఇటూ మారుతున్నారు. కనకం కూడా తన వైపు తలుపు తీసుకుని చప్పుడు కాకుండా దిగింది. నేను లేనని వీళ్ళకి ఎంతసేపటికి తెలుస్తుందో చూస్తాను అనుకుంది. రోషం అలాంటిది మరి. నాలుగడుగులు వేస్తే మంచులో కాలికి ఏదో తగిలింది... చెక్క బెంచీ.

అదే మలుపు.

వెనక్కి తిరిగింది. తను తలుపు వెయ్యకుండానే వదిలేసింది. ఆ తలుపు — ఠప్పున మూసుకుంది.

"కనకం, మంచిగ కూసున్నవా?" లాస్య గొంతు.

కారు లోపల్నుంచి జవాబొచ్చింది.

"ఊఁ... పోనియ్యే."

తన గొంతే.

అరవబోయేలోపే ఎర్రటి లైట్లు మంచులో కరిగిపోయాయి. కింద అలల హోరు, పక్కన ఖాళీ బెంచీ. ఆ బెంచీ మీద కూర్చోకూడదని తెలుసు. ఎదురుచూసి, ఎదురుచూసి... కూర్చుంది.

ఎంతసేపయిందో తెలీదు. కారు మళ్ళీ వచ్చింది. లాస్య ఏడుస్తూ పరిగెత్తుకొచ్చి వాటేసుకుంది. ముందున్న ఊళ్ళో దీపాల కింద ఆపి వెనక్కి తిరిగితే సీటు ఖాళీగా ఉందిట. రాయి కూడా లేదుట.

"అప్పటిదాంక మాతోని మాట్లాడినవ్ కదనే! డోరాకి సారీ చెప్పినవ్. జోకులేసినవ్, పాటలు పాడినవ్. ఇల్లు మారొద్దే, ఇంక అలగనన్నవ్..." లాస్య కళ్ళు తుడుచుకుంది. "ఇన్ని దినాలకు మనసు నిండ నవ్వినమే నీతోని."

అప్పుడు మా కనకం అడిగిన ప్రశ్న ఏమిటో తెలుసా? "ఎవరది" అని కాదు.

"నాకంటే బాగా మాట్లాడిందా?"

లాస్య వాటేసుకున్న చేతులు తీసేసిందిట.

సెలవులకి వచ్చినప్పుడు, ఒక ఆదివారం మధ్యాహ్నం మా హాల్లో కూర్చుని కనకం ఇదంతా నాకు చెప్పింది. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్ర కళ్ళతో ఉన్నానేమో, నాకు ఒళ్ళు మండింది.

"నిన్ను రోడ్డు మీద వదిలేసి, తప్పు కప్పుకోవడానికి అల్లిన కథే పిచ్చిమొహమా," అన్నాను. "తలుపు గాలికి పడుంటుంది. ఆ 'ఊఁ' అన్నది డోరానే అయ్యుంటుంది."

"అంతేనంటావా అక్కా?" కనకం మొహం తేటపడింది. దాని ఫారిన్ గొప్పని ఒక మెట్టు దింపినందుకు నాకూ కాస్త హాయిగానే అనిపించింది. దాచుకోవడం దేనికి?

అప్పుడే ఫోను మోగింది. నేనే ఎత్తాను.

"అక్కా, నేను లాస్యను. కనకం ఉన్నదా? ఊకెనే చేసిన." వెనక డోరా పగలబడి నవ్వుతోంది.

"ఇంటికెవరైనా వచ్చారా, అంత సందడిగా ఉంది?"

"ఎవ్వరు రాలే అక్కా... మేమే." ఆ "మేమే" దగ్గర కొంచెం ఆగింది.

అవతల ఇంకో గొంతు దగ్గరకొచ్చింది.

"లాస్యా, టీ చల్లారిపోతోందే... ఎవరు ఫోన్లో?"

కనకం మాటలు నేర్చిన రోజు నుంచీ నేను వింటున్న గొంతు. ఎదురుగా కుర్చీలోంచి కనకం అడుగుతోంది: "ఎవరక్కా ఫోన్లో?"

ఈ చెవిలో అదే గొంతు, ఆ చెవిలోనూ అదే గొంతు.

నా మొహం చూసి కనకం రిసీవర్ లాక్కుంది. విన్నది. చాలాసేపు విన్నది. భయపడి కింద పడిపోతుందేమోనని పట్టుకోబోయాను. పడలేదు. ముక్కుపుటాలు అదిరాయి, చెంపలు ఎర్రబడ్డాయి.

"అదెక్కడ పడుకుంటోందే?" అని ఒక్కటే మాట అడిగి, జవాబు విని, పెట్టేసింది.

"అక్కా, రేపే నా టికెట్ మార్పించు."

"పిచ్చా నీకు? అక్కడికి మళ్ళీ వెళ్తావా? భయం లేదూ?"

కనకం కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"వాళ్ళ గదిలోనేట అక్కా... లాస్య పక్కనే. నన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు."