ఎక్కడ దింపారు?

ఎంత తుడిచినా వెనక సీటు ఆరడం లేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. యాభై ఏళ్ల కిందట అమ్మేసిన తన కారు పాత ఇనుప సామాన్ల దొడ్లో కనిపించి, ఇంటికి లాక్కొచ్చుకున్నప్పటి నుంచి వకీలు వరస అలాగే ఉంది. లేస్తూనే షెడ్డులోకి పరుగు. దాన్ని 'నా పిల్ల' అంటాడు. కన్నకూతురికి ఒక్కనాడూ ముడ్డి కడగని మనిషి బండి చక్రాలు కడిగి, పాత బనియనుతో ఒత్తుతుంటే ఆయన భార్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ కడగడం కూడా బయటివైపే. పదిమందికీ కనిపించే మెరుపు ఆయన వంతు. లోపలి కంపు ఆవిడ వంతు. వాళ్ల సంసారంలో పనులు ఎప్పుడూ ఇలాగే పంచుకున్నారు.

ఆవిడ సీటు కింద చెయ్యి పెట్టి ఎలుక గూడు తీసింది. గూట్లో దారాలు, దూది, నల్లటి పొడుగాటి వెంట్రుకలు. బూడిద డబ్బాలోంచి ఎప్పటివో సిగరెట్టు పీకలు, ఎవడో పళ్లు కుట్టుకుని పడేసిన పుల్లలు తీసింది. తలుపు రేకు మీద ఎండిన ఉమ్మి చార గోకింది. ఇవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆ తడి. ఎర్ర రెక్సిను మీద, ఎడమ తలుపు పక్కన, మనిషి కూర్చున్నంత మేర. నీళ్లలా ఉండదు, జిగురుగా ఉంటుంది. మాగిన తలనూనె వాసన, చాలారోజులు ముడివేసి ఉంచిన తడి జుట్టు వాసన. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ ఊరుతుంది.

వెనక తలుపులు రెంటికీ లోపలివైపు పిడి లేదు.

"ఒకటి బిగించండి, మనవరాలు ఎక్కుతుంది," అంటే వకీలు ఒప్పుకోలేదు. "నా రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉండాలి. పీకించింది నేనే. పిల్లలు జారిపోకుండా."

"అప్పుడు మీకు పిల్లలెక్కడున్నారండీ?"

ఆయన వినిపించుకోలేదు. వినకూడనివి వినకపోవడం కోర్టులో నేర్చుకున్న విద్య.

ఆ ఆదివారం సాయంత్రం ఆయన చిన్ననాటి స్నేహితులిద్దరూ కారు చూడ్డానికొచ్చారు. ఒకడు డాక్టరు, ఒకడు మేనేజరు. ఇద్దరూ ఎప్పుడో రిటైరైపోయినా ఉద్యోగాలే పేర్లుగా మిగిలిపోయాయి. వస్తూనే బండి బానెట్టు మీద చేతులేసి నిమిరారు. టీ తాగాక మనవరాల్ని ఎక్కించుకుని నలుగురూ ఓ రౌండు వెళ్లొద్దామని వకీలు ముందే చెప్పాడు. పదేళ్ల పిల్ల అప్పటికే వెళ్లి వెనక సీట్లో కూర్చుని ఎదురుచూస్తోంది.

వరండాలో కుర్చీలేసుకుని ముగ్గురూ కుర్రాళ్లయిపోయారు.

"చలిలో చోకు లాగి, ముందు రాడ్డు పెట్టి తిప్పితే ఎలా గుర్రుమనేదిరా!"

"స్టీరింగు పక్కనే గేరు. ముందు సీటు ఒక్కటే బల్లలా. ముగ్గురం పట్టేవాళ్లం."

"ఆ పెట్రోలు వాసన ఇప్పుడేదిరా? ఇప్పటివి కార్లా, సబ్బుపెట్టెలు!"

టీ పోస్తున్న ఆవిడకీ అలాంటి కార్లు గుర్తున్నాయి. కాకపోతే వాళ్ల జ్ఞాపకం బండి లోపలి నుంచి, ఆవిడ జ్ఞాపకం బస్టాపులో నుంచి. వెనకనుంచి ఇంజను చప్పుడు నెమ్మదించడం, అద్దం దిగడం, 'రా, దింపేస్తాం' అని నవ్వు వినిపించడం. ఏ చప్పుడొస్తే ఏ కొట్లోకి దూరాలో చెవులకే తెలిసిపోయేది.

"బస్సు తప్పిన టైపిస్టు పిల్ల గుర్తుందట్రా?" అన్నాడు డాక్టరు. బిస్కట్టు నానబెట్టుకుని చీకుతున్నాడు. "కుండపోత వాన. చెప్పులు చేత్తో పట్టుకుని..."

"ఎక్కేటప్పుడు జడ పిండుకుంది," అన్నాడు వకీలు. "'సీటు తడుస్తుందేమోనండీ' అంది."

మేనేజరు మూతి తుడుచుకున్నాడు. "వెనక నేనేగా కూర్చున్నది. నేను జరిగినకొద్దీ అది తలుపుకేసి జరుగుతుంది. ఎంతకని జరుగుతుంది? తలుపుకి పిడి లేదు కదా!"

ముగ్గురూ విరగబడి నవ్వారు. డాక్టరు కట్టుడుపళ్లు ఊడి టీలో పడితే, వేళ్లతో తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎక్కడ దింపారు?" అంది.

"ఎవర్ని చెల్లెమ్మా?" అన్నాడు డాక్టరు.

"ఆ అమ్మాయిని."

"ఎక్కడంటే... ఒరేయ్ వకీలూ, నువ్వే కదా దింపింది?"

"నేనా? నేను ఇంటి దగ్గర దిగిపోయాగా. స్టీరింగు నీకిచ్చాను."

"నేను క్లబ్బు దగ్గర దిగిపోయాను. తర్వాత మేనేజరే నడిపాడు."

మేనేజరు కప్పు కింద పెట్టాడు. "నేనూ నీతోనే దిగాను కదరా. అయినా నాకు అప్పటికి డ్రైవింగే రాదు."

షెడ్డు రేకుల మీద చినుకులు మొదలయ్యాయి.

"మరి బండి?" అంది ఆవిడ.

"పొద్దున చూస్తే షెడ్డులోనే ఉంది. వీళ్లలో ఎవరో తెచ్చి పెట్టారనుకున్నా," అన్నాడు వకీలు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గొంతు పెంచాడు. "దిగిపోయే ఉంటుంది! యాభై ఏళ్ల నాటి మాటకి ఇప్పుడు పంచాయితీ ఏంటే?"

"పిడి లేని తలుపు తీసుకుని ఎలా దిగింది? అంత ప్రాణంగా చూసుకున్న బండిని ఆ నెల్లోనే ఎందుకు అమ్మేశారు?"

"వెనక సీటు ఎంతకీ ఆర..."

వకీలు నాలిక కరుచుకున్నాడు.

సీటు. పిల్ల.

ఆవిడ చేతిలో గిన్నె అక్కడే వదిలేసి పరిగెత్తింది. కారు అద్దాలన్నీ లోపలినుంచి ఆవిరి పట్టి ఉన్నాయి. ఎడమ తలుపు బయటి పిడి పట్టుకుని లాగింది. రాలేదు. మళ్లీ లాగింది. లోపల ఎవరో ఆనుకుని కూర్చున్నట్టు బరువు... చుట్టూ తిరిగి కుడి తలుపు తీసింది. నూనె కంపు గుప్పుమంది. పిల్ల ఈ చివర, తలుపుకి అతుక్కుపోయి ఉంది. గౌను ఒక పక్కంతా తడిసిపోయింది.

"అమ్మమ్మా..." గుసగుసగా అంది. "ఈవిడ జరగట్లేదు."

సీట్లో ఎవరూ లేరు. ఉన్నది తడి. ఎడమ తలుపు దగ్గర ఉండాల్సిన తడి... సీటు సగం దాటి వచ్చింది.

పిల్లని చంకనేసుకుని బయటికి లాగింది. ఈలోగా ముగ్గురూ షెడ్డులోకి వచ్చారు. వకీలు తాళాలు ఆడిస్తూ మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లని బెదరగొట్టకు. రామ్మా, వెనక మేనేజరు తాతయ్య పక్కన కూర్చో. రౌండేసి ఇక్కడే దింపేస్తాం."

ఆవిడ ఆ చేతిని విడదీసింది. పెళ్లయ్యాక ఆయన చేతిని అలా తోసెయ్యడం అదే మొదలు.

"ఇది ఎక్కదు. మీరు ముగ్గురూ ఎక్కండి. ఎక్కించుకున్నదాన్ని ముందు దింపి రండి."

"చూశారట్రా నోరు!" అని నవ్వాడు వకీలు. మిగతా ఇద్దరికీ నవ్వు రాలేదు. కానీ ఆడదాని మాటకి జంకారంటే పరువు పోదూ! ఎక్కారు. మేనేజరు వెనక కూర్చుంటూనే "ఛీ, తడి," అన్నాడు. బండి ఒక్క తిప్పుకే అందుకుంది. మలుపు దగ్గర ఎర్ర దీపాలు మసకబారేదాకా పిల్ల చెయ్యి ఊపుతూనే ఉంది.

"తాతయ్యకా టాటా?" అంది ఆవిడ.

పిల్ల తల అడ్డంగా ఊపింది.

పిల్లకి వేణ్నీళ్లు పోసి, అన్నం పెట్టి, తన మంచం మీద పడుకోబెట్టింది. మామూలుగా ఆ వేళకి వార్తలు పెద్దగా పెట్టి వింటాడు వకీలు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ వంటింట్లో గిన్నెలు సర్దుతుంటే ఇంజను చప్పుడు వినిపించింది. నెమ్మదించింది... ఆగింది. మనుషుల మాటలు లేవు.

టార్చి వేసుకుని షెడ్డులోకి వెళ్లింది. బండి సరిగ్గా దాని చోట ఉంది. బానెట్టు వేడిగా ఉంది. లోపల ఎవరూ లేరు. లోపలినుంచి తెరుచుకోని ఆ ఎడమ తలుపు బార్లా తెరిచి ఉంది. వెనక సీటు మీద చెయ్యి వేసింది.

పొడిగా ఉంది.

ముందు, స్టీరింగు వెనక... తడి. టార్చి వెలుగులో నిగనిగలాడుతోంది. స్టీరింగుకి ఒక పొడుగాటి వెంట్రుక చుట్టుకుని ఉంది.

ఇంట్లో ఫోను మోగింది. పరిగెత్తుకెళ్లి తీసింది. డాక్టరు భార్య.

"వదినా, వాన పడుతోంది కదా అని చూస్తున్నా. మీ అన్నయ్య ఇంకా రాలేదు. మీవాళ్లు ఎక్కడ దింపారు?"

ఆవిడ కిటికీలోంచి షెడ్డుకేసి చూసింది.

పడగ్గదిలోంచి నిద్రమత్తులో మనవరాలి గొంతు వినిపించింది.

"అబ్బా, కొంచెం జరుగు అమ్మమ్మా... పక్కంతా తడిపేస్తున్నావు."