చివరి చరణంలో ఊరట

2091 నాటికి విశాఖలో పాటను చెవులతో మాత్రమే వినేవాళ్ళు లేరు. బస్సులో వేలాడేవాడూ, బజారులో చేపలు కోసే ఆవిడా కణతకు వేలెడు పట్టీ అంటించుకుని వినేవారు. దాని పేరు వేదనావాహిని. పాడేవారి మెదడులో పుట్టే న్యూరల్ సిగ్నల్స్‌ను అది పాటతోపాటు పట్టి, వినేవారి మెదడులో అదే బాధను లేపుతుంది.

కనిపెట్టినవాడు డాక్టర్ కామేశం. అందులో మొదట ఎక్కిన పాట మార్తా అనే గాయనిది. పోలింగ్ బూతు దగ్గర తమ్ముణ్ణి అధికార పార్టీవాళ్ళు కర్రలతో కొట్టి చంపిన వారానికే, ఎలక్ట్రిక్ గిటారు మీద ఆ రాక్ పాట కట్టింది.

"కొట్టినోళ్ళకి ఈ నొప్పి ఒక్కసారి తగలాల సార్. ఇంకేటీ వద్దు నాకు" అంది.

భార్య పోయిన రోజుల్లో పక్కింటివాళ్ళు తలుపు తట్టకుండా గుమ్మంలో పెట్టి వెళ్ళిన కాఫీ ఫ్లాస్కే కామేశాన్ని బతికించింది. పాట వింటూ ఎవరి గుండె ఆగిపోతుందోనన్న భయంతో, అలాంటి ఊరటనే చివరి చరణంలో, మెదడుకు హాయినిచ్చే చిన్న డోపమైన్ తరంగంగా కలిపాడు.

పాట ఊరంతా పాకింది. ఎమ్మెల్యే దాలయ్య స్వయంగా ల్యాబుకి వచ్చాడు. ఆ కర్రలు పంపినవాడు అతనేనని ఊరందరికీ తెలుసు.

"ఏం పాటండీ డాక్టరుగారూ. మా కుర్రోళ్ళంతా ఏడ్చీసినారు. అయ్యాక మనసు కడిగీసినట్టు తేలికైపోనాది. రేపు మా మీటింగు మొదలెట్టేది దీంతోనే."

కామేశం ఆ మీటింగుకి వెళ్ళాడు. పాట అయ్యాక ఒక కార్యకర్త తడిచెంపలు తుడుచుకుని, పట్టీ జాగ్రత్తగా ఒలిచి జేబులో పెట్టుకుని, అదే బాణీ కూనిరాగం తీస్తూ వ్యాన్‌లోంచి కర్రలు దించసాగాడు. కామేశం అక్కడినుంచి నేరుగా ల్యాబుకి నడిచాడు.

ఆ సాయంత్రమే చివరి చరణంలోంచి ఊరటను తీసేశాడు.

మర్నాటి నుంచి ఫోన్లు. "మీ పాట పాడైపోనాది, బాగుచెయ్యండి" అన్నాడు దాలయ్య. అది సరే. మార్తా తమ్ముడికి సంతాప సభ పెట్టిన సంఘంవాళ్ళూ అదే మాట. "జనం సగంలోనే పట్టీలు పీకేసి ఎల్లిపోతన్నారండి. పాతదే పెట్టీండి."

మార్తా వచ్చి కామేశం ముందు టీ గ్లాసు పెట్టింది.

"కొత్తది మీరు విన్నారేటి సార్?"

వినలేదు. సిగ్గుపడుతూ పట్టీ అంటించుకున్నాడు. గిటారు గరగరమంటూ మొదలైంది. మొదటి చరణంలో బూతు మెట్ల మీద ఒక చెప్పు పడి ఉంది. రెండో చరణంలో ఆమె తమ్ముడి తలను ఒళ్ళోకి తీసుకుంది, కామేశం వేళ్ళకు నెత్తురు వెచ్చగా తగిలింది.

కాసేపటికి కామేశం చూసుకుంటే పట్టీ తన అరచేతిలో ఉంది. ఎప్పుడు పీకాడో తెలియదు. అందులోంచి పాట సన్నగా ఇంకా వినిపిస్తూనే ఉంది.

"దీన్ని చేసినవాణ్ణి, నేనే వినలేకపోయానమ్మా."

మార్తాకి కోపం రాలేదు. టీ గ్లాసు అతని చేతి దగ్గరకు జరిపింది.

"తాగండి సార్, చల్లారిపోతాది" అంటూ కణత రుద్దుకుంది. "పీకీడానికి నాకు పట్టీ లేదు కదా."