బతికున్నవాళ్ల చీటీ

పొద్దున్నే జంఫిరా రెండు మాత్రలు అరచేతిలో పెట్టుకుని కూతురి ముందు నిలబడింది. ఒకటి తెల్లది, ఒకటి పసుపుది. మింగేదాకా కదలదు. మింగాక నోరు తెరిపించి చూస్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస.

"నాలుక కింద?"

"ఏం లేదమ్మా."

"లేదని నువ్వు చెబితే కాదు. ఎత్తు."

రుక్సాంద నాలుక ఎత్తి చూపించింది. ముప్ఫై నాలుగేళ్ల మనిషి. వెంటనే గోడవైపు తిరిగి, "మీరు కాసేపు నోరు ముయ్యండి, మా అమ్మ చర్చికి పోవాలి" అని కసిరింది.

గోడ దగ్గర ఎవరూ లేరు. ఆ గొంతులు దానికొక్కదానికే వినిపిస్తాయి. తిడతాయి, నవ్వుతాయి, బావిలో దూకమంటాయి. పట్నం డాక్టరు ఇది జబ్బన్నాడు. జబ్బే అనుకుంది జంఫిరా. దెయ్యం పట్టిందన్న వాళ్లతో మాటలు మానేసింది. వాళ్లలో మొదటిది చర్చిలో కొవ్వొత్తులు అమ్మే ఆగాపియా. మొదటి ఏడాది రుక్సాంద వీధిలో అరుస్తుంటే, ఆ మహాతల్లి తన మనవరాళ్ల కళ్లు మూసి, సిలువ గుర్తు వేసుకుని తలుపేసుకుంది. ఆ తలుపు చప్పుడు జంఫిరా చెవుల్లోంచి ఇంకా పోలేదు.

ఆ రోజు నవంబరు నెలలో వచ్చే చనిపోయినవాళ్ల శనివారం. పొగమంచు ఊరిని మింగేసింది. ఆడవాళ్లు తేనె కలిపిన గోధుమల గిన్నెలు, రొట్టెలు పట్టుకుని చర్చికి చేరారు. ఎవరి పేర గిన్నె దానం చేస్తే, అవతలి లోకంలో వాళ్లకే అది చేరుతుందని నమ్మకం. జంఫిరా ఇంట్లో పోయినవాళ్ల పేర్లు ఫాదర్ పుస్తకంలో ఎప్పుడో ఎక్కాయి. ఆమెకు కావలసింది బతికున్నవాళ్ల చీటీ ఒక్కటే. దాని మీద కూతురి పేరు రాసిస్తే ఆరోగ్యం కోసం చదువుతారు.

జంఫిరా బడికి పోయింది మూడు చలికాలాలు. పేర్లు రాయగలదు. అచ్చులో ఉన్నది చదవమంటే అక్షరాలు చీమల్లా పాకుతాయి. ఏటా రంగు చూసి చీటీ తీసుకునేది. ఎర్ర అచ్చు బతికున్నవాళ్లకు, నల్ల అచ్చు పోయినవాళ్లకు. ఈ ఏడు రెండు దొంతరలూ నల్లగానే ఉన్నాయి.

"ఎర్రవి అయిపోయాయి, జిరాక్సు తీయించాం. ఏది కావాలక్కా? రాసిపెట్టనా?" అంది ఆగాపియా.

"నాకు చేతులున్నాయి" అని జంఫిరా కుడివైపు దొంతరలోంచి ఒకటి లాగింది. గోడవైపు తిరిగి నాలుక పళ్ల మధ్య బిగించి, వంకరటింకరగా రాసింది. రుక్సాంద.

ఫాదర్ సోఫ్రోనీ చీటీలు ఒక్కొక్కటే తీసి పోయినవాళ్ల పేర్లు చదవసాగాడు. సాంబ్రాణి పొగ... కరిగే మైనం వాసన... తడి కోట్ల వాసన... పేరు తర్వాత పేరు. జంఫిరాకు నిద్రలాంటిది కమ్ముతోంది.

"రుక్సాంద."

ఆమె కళ్లు తెరిచింది.

తలలన్నీ ఇటు తిరిగాయి. కాదు, తప్పు, అని ఒక్క మాట అరిస్తే సరిపోయేది. ఎలా తప్పయింది అంటారు. చదవడం రాదా అంటారు. అదీ ఆగాపియా ముందు... ఈలోగా జనమంతా గొంతెత్తి శాశ్వత విశ్రాంతి పాట పాడేశారు.

వాకిట్లో ఆగాపియా ఏడుస్తూ ఎదురొచ్చింది. "ఎప్పుడు పోయిందక్కా? ఒక్క మాటైనా చెప్పలేదేం?"

"నీకెందుకే?"

అంతే అంది. లేదు, బతికే ఉంది అనలేదు. వెనక్కి చూస్తే ఆగాపియా ఒక ముసలమ్మ చేతిలో తన గిన్నె పెడుతోంది. "పాపం, రుక్సాంద ఆత్మకు" అనడం స్పష్టంగా వినబడింది.

ఇంటికి వచ్చేసరికి ఎక్కడా అలికిడి లేదు. తొమ్మిదేళ్లలో ఆ ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

రుక్సాంద బల్ల దగ్గర కూర్చుని ఉంది. తల నున్నగా దువ్వుకుంది. ఒంటిమీద తెల్ల జాకెట్టు, నల్ల పావడా, కాళ్లకు కొత్త బూట్లు. జంఫిరా తన చావుకని కుట్టించి పెట్టెలో దాచుకున్న బట్టలవి.

"విప్పవే! అవి నావి."

"నాకే సరిపోయాయమ్మా" అంది రుక్సాంద మెత్తగా.

"సంకటి కలుపుతాను. తిందువు గాని."

"తినేశాను. గోధుమలు. తేనె కాస్త ఎక్కువైంది."

పొయ్యి మీద గిన్నె కూడా లేదు... జంఫిరా కూతురి చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది. పొయ్యి పక్కన కూర్చున్నా చల్లగానే ఉంది.

"గొంతులు ఏమంటున్నాయే?"

"ఏమీ అనడం లేదు. వాళ్లంతా జరిగి నాకు చోటిచ్చారు."

జంఫిరా ఫోను తీసి పట్నం ఆసుపత్రికి చేసింది. నర్సు ఎత్తింది.

"అరుస్తోందా?"

"లేదు."

"మాత్రలు వేసుకుందా?"

"వేసుకుంది. కుదురుగా కూర్చుంది. అదేనమ్మా భయం..."

"కుదురుగా ఉంటే ఇంకేం కావాలమ్మా మీకు? సంతోషించండి" అని పెట్టేసింది.

కూతురు ఒక్కరోజు నెమ్మదిగా కూర్చుంటే చాలని ఎన్ని వందలసార్లు మొక్కుకుంది! ఇప్పుడు దాని ముందు మోకాళ్లూని, "తిట్టవే తల్లీ. గిన్నెలు విసిరెయ్. నన్ను కొట్టు. ఏదో ఒకటి చెయ్" అని బతిమాలింది. రుక్సాంద నవ్వింది. ఎదురింటికి వచ్చిన చుట్టాన్ని చూసి నవ్వినట్టు నవ్వింది.

సాయంత్రం ప్రార్థన వేళకు జంఫిరా మళ్లీ చర్చికి పరుగెత్తింది. ఆగాపియా కొవ్వొత్తులు సర్దుతోంది. ఆమె వింటుండగానే చెప్పాల్సి వచ్చింది.

"ఫాదర్, నా కూతురు బతికే ఉంది. చీటీ తప్పు తీశాను. నాకు... చదవడం రాదు."

అరవై ఏడేళ్ల వయసుదాకా దాచిన మాట. ఆగాపియా నవ్వలేదు. తల దించుకుంది. అది మరీ కోపం తెప్పించింది.

"దేవుడు చీటీలు చూసి మోసపోతాడా అమ్మా?" అన్నాడు ఫాదర్ సోఫ్రోనీ. అయినా పేరు బతికున్నవాళ్లలో రాసి, మూడుసార్లు పైకి చదివాడు. రుక్సాంద. రుక్సాంద. రుక్సాంద.

బయట చీకటి పడుతోంది. పొగమంచులో తన చెయ్యి తనకే కనబడలేదు. గేటు దగ్గరికి రాగానే వినబడింది... ఏడుపు. బూతులు. నోరు ముయ్యండని కేకలు.

రుక్సాంద! పాత స్వెటర్‌లో, చెప్పుల్లేని కాళ్లతో, గేటు పట్టుకుని నిలబడి ఉంది. జంఫిరా గట్టిగా వాటేసుకుంది. ఒళ్లు వేడిగా కాలిపోతోంది. గుండె దడదడ కొట్టుకుంటోంది.

"తిట్టు తల్లీ, తిట్టు" అంటూ ముద్దులు పెట్టుకుంది.

"ఎందుకు పిలిచావమ్మా?" రుక్సాంద వెక్కిళ్లు పెట్టింది. "అక్కడ ఎవరూ అరవరు. తొమ్మిదేళ్లకు కాస్త హాయిగా ఉన్నాను. ఎందుకు పిలిచావు?"

జంఫిరా తన కోటు విప్పి కూతురి భుజాల మీద కప్పింది. పిలవకపోతే ఏమయ్యేదో తెలుసు. పిలిచి ఏం ఇవ్వగలదో కూడా తెలుసు. రెండు మాత్రలు, ఒకటి తెల్లది, ఒకటి పసుపుది.

"లోపలికి పద. చలి."

రుక్సాంద కదల్లేదు. గుసగుసగా అంది.

"ఒక్కదాన్నే రాలేదమ్మా."

"ఎవరే?"

"నాకు తెలీదు. తనదీ నా పేరేనట. నువ్వు పిలిచినప్పుడు తను కూడా లేచింది... నాకన్నా ముందు నడిచింది."

వంటింట్లో దీపం వెలుగుతోంది. పోయేటప్పుడు జంఫిరా వెలిగించలేదు. లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు. అడుగులు... తొందరలేని అడుగులు... తలుపుదాకా వచ్చి ఆగాయి.

గడియ లోపలినుంచి పడింది.