మూడో ఏట ఒక అబద్ధం

విజిటర్స్ హాల్లో మేనమామ వచ్చి కూర్చున్నాడని కబురందగానే క్యాడెట్ గతుక్కుమన్నాడు. వాళ్లమ్మకి అన్నదమ్ములే లేరు!

బట్టతల, చేతిలో పళ్ల సంచి. ఆ పెద్దమనిషి ఎంతో ఆప్యాయంగా కౌగిలించుకుని చెవిలో అన్నాడు. “నవ్వరా అల్లుడూ, అందరూ చూస్తున్నారు. మిలిటరీ ఇంటెలిజెన్స్.”

ఒక బత్తాయి ఒలిచేలోగా బ్రీఫింగ్ అయిపోయింది. అకాడమీలో విదేశీ భాషలు చెప్పే మేడమ్, పరదేశపు ముఠా ఒకదానికి క్యాడెట్లను ఏరి పెడుతోంది. వార్షిక పరేడ్‌కి సైన్యాధిపతి వస్తున్నాడు. ఆ రోజు ఆయన ప్రాణానికి ముప్పు. ఎలా అన్నది తెలియదు. మేడమ్ వలలో పడి తెలుసుకోవాలి.

“నేనే ఎందుకు సార్?”

“మూడో ఏడు కాబట్టి. మొదటి ఏడువాడు బెదిరి కక్కేస్తాడు. ఆఖరి ఏడువాడికి పోస్టింగ్ తప్ప ఏదీ పట్టదు. నువ్వు మండిపోతున్నావంటే ఎవరైనా నమ్ముతారు.”

అది నిజమే. జూనియర్ బూటు మెరవకపోతే మూడో ఏడువాడికి శిక్ష. సీనియర్‌కి నిద్ర పట్టకపోయినా మూడో ఏడువాడికే శిక్ష. అటు అత్తకూ ఇటు ఆడబిడ్డకూ మధ్య నలిగే కోడలి బతుకు. అయినా భరించాడు. వాళ్ల నాన్న దర్జీ. జన్మంతా ఆఫీసర్ల కోట్లు కుట్టినవాడు, కొడుకు కోటుకని మంచి గుడ్డ కొని ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు.

“ఫోన్ చేసినప్పుడల్లా నేను అమ్మ మోకాళ్లెలా ఉన్నాయంటాను,” అన్నాడు మేనమామ. “నువ్వు ‘మెట్లెక్కలేకపోతోంది’ అంటే ప్రమాదమని అర్థం. ఇదిగో, ఈ గుండీలో మైకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు. ఎప్పటికీ.”

ఆదివారాలు మేడమ్ ఫ్లాట్‌లో గడిచాయి. సిల్కు స్కార్ఫు, చిక్కటి కాఫీ, మనిషిని నిలువునా కరిగించే నవ్వు. ఆమె అకాడమీ మ్యాపులడిగింది. అతను మేనమామ డిపార్ట్‌మెంట్ తయారుచేసిన దొంగ మ్యాపులిచ్చాడు. పరేడ్ ఊసెత్తితే మాత్రం ఆమె మాట మార్చేసేది.

రూమ్మేట్‌ని అందరూ త్రాసు అని పిలిచేవాళ్లు. ఆనర్ బోర్డు కార్యదర్శి. అబద్ధమాడినవాడూ, తెలిసీ దాచినవాడూ ఇద్దరూ ఇంటికే అన్నది అక్కడి నియమం. విచారించేదీ క్యాడెట్లే.

“వారం వారం ఎక్కడికిరా?” అని ఒకసారి అడిగాడు త్రాసు.

“ఆస్పత్రికి. అమ్మకి బాగాలేదు.”

పాపం, పలకరిద్దామని త్రాసు క్యాడెట్ ఇంటికి ఫోన్ చేశాడు. నిక్షేపంలా ఉన్న అమ్మే ఎత్తింది.

“పరేడ్ అయ్యాక నేను రిపోర్ట్ చెయ్యాలి,” అన్నాడు త్రాసు, పరేడ్ ముందురోజు సాయంత్రం, కళ్లెత్తకుండా. “ఈలోగా నువ్వే నిజం చెప్పెయ్‌రా. నీ కాళ్లు పట్టుకుంటాను.”

క్యాడెట్ బూట్లు పాలిష్ చేస్తూ కూర్చున్నాడు.

మర్నాడు ఎండ చిటచిటలాడుతోంది. బ్యాండు వెనక కంపెనీలు కదిలాయి. పెద్ద డ్రమ్ము దెబ్బ మీద ఎడమ కాలు పడాలి. మూడేళ్లుగా క్యాడెట్ కాలు ఆ దెబ్బకే పడుతోంది. ఇవాళ మాత్రం తడబడింది. డ్రమ్ము మోగడం లేదు, మూలుగుతోంది. లోపలేదో కుక్కినట్టు!

బ్యాండు సైన్యాధిపతి వేదిక వైపు తిరిగింది. అతిథుల్లోంచి మేడమ్ లేచింది. తిన్నగా క్యాడెట్ కళ్లలోకి చూసి, గబగబా బయటికి నడిచింది.

పరేడ్‌లో వరస తప్పడం కంటే పెద్ద నేరం లేదు. అతను తప్పాడు. పరుగెత్తి వెళ్లి డ్రమ్మర్ మీద దూకాడు. డ్రమ్ము అంచు కింది స్విచ్ మీదికి పోతున్న బొటనవేలిని విరిచేశాడు.

మేనమామ మనుషులు మెరుపులా వచ్చారు. వడదెబ్బకి ఇద్దరు పడిపోయారని మైకులో ప్రకటించారు. జనం చప్పట్లు కొట్టారు. బ్యాండు మళ్లీ మొదలైంది, పెద్ద డ్రమ్ము లేకుండా.

ఆనర్ బోర్డు అరగంట కూడా కూర్చోలేదు.

“ఆ ఆదివారాలు ఎక్కడున్నావు?” అడిగాడు త్రాసు.

క్యాడెట్ తలుపు వైపు చూశాడు. మేనమామ వస్తాడనుకున్నాడు. ఎవరూ రాలేదు. భుజం పట్టీలు విప్పి బల్ల మీద పెట్టాడు. త్రాసు వాటిని తాకలేకపోయాడు.

గేటు బయట కారు, కారులో బట్టతల.

“మేడమ్ ఆ ముఠాలో ఉన్న మన మనిషే,” అన్నాడు మేనమామ. “బ్యాండు తిరగ్గానే లేచి వెళ్లిపొమ్మని మాత్రమే వాళ్లు ఆవిడకి చెప్పారు. బోర్డు ముందు మేం నిన్ను వెనకేసుకొస్తే ఆవిడ ఎవరో బయటపడేది. చంపేసేవాళ్లు.”

“ముందే తెలుసా సార్, నాకీ గతి పడుతుందని?”

మేనమామ దాచలేదు. “తెలుసు. ముఠావాళ్ల లెక్కలో నువ్వు వడదెబ్బకి తూలి డ్రమ్మర్ మీద పడ్డావంతే. అబద్ధాలకోరని వెళ్లగొట్టిన క్యాడెట్‌ని వాళ్లు కళ్లకద్దుకుని చేర్చుకుంటారు. అలాంటివాడు మాకు కావాలి.”

క్యాడెట్‌కి ఏడుపొచ్చింది. ట్రంకుపెట్టెలోని గుడ్డ గుర్తొచ్చింది. ఆయన మొహాన ఉమ్మెయ్యాలనిపించింది. తనకిక వెళ్లే చోటు మరొకటి లేదని తెలిసి కారెక్కాడు.

“ఇంట్లో ఏం చెబుతావు?” అడిగాడు మేనమామ, బత్తాయి ఒలుస్తూ.

“జరిగింది జరిగినట్టు చెబుతాను సార్. అబద్ధాలకోరు మాట కదా, మా నాన్న కూడా నమ్మడు.”