పాపక్క ఇంటికి ఇరవై రెండు ఆంపియర్లు

హూడిలో ఒక సందు చివర పాపక్క ఇల్లుందని ఆటోవాళ్ళు సందు మొదట్లోనే దించేసి పోతారు. పెంకుల కప్పు, తుప్పు పట్టిన తాళం, కిటికీలకు కొట్టిన రేకులు. ఎప్పుడో స్టవ్ పేలి పాపక్క అందులోనే కాలిపోయిందట. అప్పట్నుంచి కొన్ని రాత్రులు ఆవిడ మళ్ళీ కాలుతుందట...

ముందు సందులో ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. ట్యూబులైట్లు రెపరెపలాడతాయి. ఆ తర్వాత — వాసన.

వెంట్రుకలు మాడినట్టు, కుళ్ళిన మాంసం వేగినట్టు. గొంతులోకి దిగి జిడ్డులా పేరుకుంటుంది. తెల్లారి దండెం మీది బట్టలు ముట్టుకుంటే వేళ్ళకు పచ్చటి జిగురు అంటుతుంది.

ఆ ఇంటి పక్క మేడలో అద్దెకు దిగారు ప్రమీల, స్టీఫెన్. నంద్యాల నుంచి వచ్చిన జంట. అతను ఆస్పత్రిలో నర్సు, ఆమె బడిలో ఫిజిక్స్ టీచరు. ప్రమీలకి మూడో నెల. అసలే ఏం తిన్నా ఇమడదు, ఆ వాసన వచ్చిన రాత్రి తాగిన నీళ్ళు కూడా కక్కేది.

మేడా, ఆ పాడుబడ్డ ఇల్లూ రెండూ వెంకటరాయప్పవే. ఆ వాసనేమిటని ప్రమీల అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు. "ఆయమ్మ ఇంకా ఆడనే ఉండాది టీచరమ్మా. కరెంటు తగ్గితే వచ్చినట్టు లెక్క. ఆ పక్క చూడొద్దండి."

ఆయన కోడలు రంజిత ప్రమీల చెయ్యి పట్టుకుని, "కిటికీ మూసి పడుకోక్కా. కడుపుతో ఉండావు" అంది.

స్టీఫెన్ ఇల్లు మారిపోదామన్నాడు. ప్రమీల కిటికీ మూసింది, ప్రార్థన చేసుకుంది. కానీ ఒక మాట ఆమెను వదల్లేదు... కరెంటు తగ్గితే వచ్చినట్టు లెక్క.

చచ్చిపోయిన మనిషికి కరెంటుతో ఏం పని?

బడి ల్యాబులోంచి ఒక మీటరు తెచ్చుకుంది. వైరును పటకారులా కరిచిపట్టి, అందులో ఎంత కరెంటు పారుతోందో చెప్పే మీటరు. వోల్టేజీ కూడా చూపిస్తుంది. వాసన వచ్చే రాత్రి కోసం కాచుకుంది.

ఆ రాత్రి ఫ్యాను మెల్లగా... మెల్లగా తిరిగింది. ప్లగ్గులో చూస్తే మామూలుగా ఉండే రెండు వందల ముప్పై, నూట తొంభై ఎనిమిదికి పడింది.

ఇద్దరూ మెట్లు దిగారు. మెట్ల కింద మీటర్ల పెట్టెలోంచి ఒక లావు నల్ల వైరు గోడ దాటి పాపక్క ఇంట్లోకి పోతోంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది — జ్వరం వచ్చిన ఒళ్ళులా. స్టీఫెన్ గభాలున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ప్రమీల మీటరును వైరుకి తగిలించింది.

ఇరవై రెండు ఆంపియర్లు.

"మోటారేమో..." స్టీఫెన్ గుసగుసలాడాడు.

"మోటారైతే అంకె కాస్తయినా అటూ ఇటూ ఊగాలి. ఇది కదలట్లేదు."

అలాగే నిలబడి మనసులో లెక్క కట్టింది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే తొమ్మిది ఓములు. అంత తక్కువ నిరోధం, అదీ ఇంత స్థిరంగా — వేడి పుట్టించే తీగచుట్టలే. రెంటినీ గుణిస్తే నాలుగు వేల మూడు వందల యాభై ఆరు వాట్లు. నీళ్ళు కాచే పెద్ద రాడ్లు మూడు ఒక్కసారి వెలిగినంత.

"స్టీఫెన్... లోపల ఎవరో ఏదో కాస్తున్నారు."

అతను వద్దంటూనే వెంట నడిచాడు. ఇంటి వెనక గోడ పక్కన కాలి కింద నేల జారుతోంది. ఈగలు రాత్రిపూట కూడా ముసురుతున్నాయి. వెనక తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి సుయ్... సుయ్... మని చప్పుడు.

ప్రమీల కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని తొంగిచూసింది.

మూడు డ్రమ్ములు. ఒక్కోదాంట్లో ఒక్కో రాడ్డు. పచ్చటి నురగ తెట్టెలు కడుతూ ఉడుకుతోంది. నురగలో కొవ్వు ముద్దలు, వెంట్రుకలంటిన తోలు ముక్కలు, తెల్లటి పేగు ఒకటి మెలికలు తిరుగుతూ తేలి మళ్ళీ మునిగింది. మూలన గోనెసంచుల్లోంచి నల్లటి రసం కారుతోంది.

ఆ పొగలో — జుట్టు విరబోసుకున్న ఆడమనిషి. అటు తిరిగి గరిటెతో కలుపుతోంది.

స్టీఫెన్ వేళ్ళు ప్రమీల భుజం మీద బిగుసుకున్నాయి.

ఆడమనిషి ఇటు తిరిగింది. మొహమంతా జిడ్డుతో మెరుస్తోంది.

రంజిత.

ఆమె వెనక బల్ల మీద డాల్డా డబ్బాలు, పసుపు రంగు, ఏదో సెంటు; వాటిని ఆ పశువుల కొవ్వులో కలిపి నింపిన సీసాలు వరసగా ఉన్నాయి. అన్నిటికీ నీలం మూతలు. అంగళ్ళకు పోయే నెయ్యి.

కడుపుతో ఉన్న మనిషి తినాలని వారం వారం రంజిత పట్టుకొచ్చి ఇచ్చే సీసా మూత కూడా నీలమే. ఆ రాత్రే ప్రమీల వేడన్నంలో కలుపుకుంది. వేలు కూడా నాకింది.

రంజిత చూపు ప్రమీల కడుపు మీద ఆగింది.

"మీకిచ్చింది ఇది కాదక్కా..." అంది మెల్లగా. "ఒట్టు. మీకిచ్చింది ఇంట్లో కాచిందే."

ప్రమీల గోడ పట్టుకుని కక్కుకుంది. ఇంకేమీ రాకపోయినా పసరు వచ్చేదాకా కక్కుకుంది. నోరు కడిగినా, సబ్బుతో వేళ్ళు రుద్దినా ఆ జిడ్డు పోయినట్టు అనిపించలేదు.

తెల్లారకముందే ఆమే పోలీసులకూ, ఆహార కల్తీ అధికారులకూ ఫోను చేసింది. డ్రమ్ములు ఎక్కించుకుని, వెంకటరాయప్పనీ రంజితనీ జీపులో తీసుకుపోయారు. సందులో ఫ్యాన్లు ఇప్పుడు సరిగ్గానే తిరుగుతున్నాయి. పాపక్క మళ్ళీ కాలలేదు.

ప్రమీల తన వంటింట్లోని సీసాను కూడా పరీక్షకి ఇచ్చింది. సగం ఖాళీ అయిన సీసా.

కొన్నాళ్ళకు, రిపోర్టు వస్తుందన్న రోజున, ఆ ఆఫీసు నంబరు నుంచి ఫోను మోగింది. ప్రమీల ఒక చెయ్యి కడుపు మీద పెట్టుకుని, అది మోగుతున్నంతసేపూ చూస్తూ కూర్చుంది.

ఎత్తలేదు.