బ్యాంకులో రెండో రాజమ్మ

ఇటు జరగండి, ఇంకాస్త దగ్గరగా. తలుపు దగ్గరకు వేసి మరీ కూర్చోండి. ఇది దయ్యాల కథ కాదు. కానీ మన ముఖం మనకు తెలియకుండా ఇంకోచోట కూర్చుని, మన పేరుతో బతుకుతోందంటే దయ్యం మాత్రం ఏపాటిది?

అవి హైదరాబాదులో ఎటు చూసినా అద్దాల మేడలు లేస్తున్న రోజులు. పిల్లలు బస్సుల నిండా మాదాపూర్ కంప్యూటర్ ఉద్యోగాలకు పోతుంటే, ఆ గాలి ఫిల్మ్‌నగర్‌కూ తగిలింది. సాయంత్రం ప్యాకప్ కాగానే చేతిలో కూలి పెట్టే సినిమా కంపెనీలు కొన్ని, ఇకమీదట చెక్కులే అన్నాయి.

యూసుఫ్‌గూడలో జిరాక్సు షాపు మీది గదిలో లీలాకుమారి డిటెక్టివ్ ఆఫీసు ఉండేది. ఆమెకు సహాయకుడు రామకృష్ణ. ముప్ఫై ఏళ్లు మేకప్‌మ్యాన్‌గా చేసి, చేతులు వణకడం మొదలయ్యాక బ్రష్షు వదిలిపెట్టినవాడు. మేడమ్ తుమ్మినా అందులో ఏదో సూక్ష్మం ఉంటుందని నమ్మే మనిషి.

ఆషాఢ మాసం, ఎనిమిదో తారీకు. మబ్బు కమ్మి పట్టపగలే గదిలో దీపం వేయాల్సి వచ్చింది. ఎక్కడో బోనాల డప్పు మోగుతోంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. తలుపు తోసుకుని ఒక ఆడమనిషి లోపలికి వచ్చి, ముందు తన వెనక్కి చూసుకుంది.

"నా పేరు రాజమ్మ మేడమ్. బోరబండల ఉంట. సినిమాలల్ల జూనియర్ ఆర్టిస్టును" అంది. రామకృష్ణ ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే పక్కన పెట్టింది. "పొద్దుగాల బ్యాంకుకు పోయిన. గాడ నా ఫోటో ఉన్నది. నా ముఖమే మేడమ్, గానీ నేను కాదు."

"కూర్చో రాజమ్మా. మొదట్నుంచీ చెప్పు."

భర్త జబ్బుకు ఓంప్రకాష్ అనే ఫైనాన్సు ఆయన దగ్గర తెచ్చిన అప్పు, ఆ భర్త పోయి రెండేళ్లయినా తీరలేదు. పెద్దమనుషులు కూర్చుని స్టాంపు కాగితం మీద ఒప్పందం రాయించారు. పద్దెనిమిది నెలలు, ప్రతి నెలా పదో తారీకులోపు కంతు కట్టాలి. ఒక్కటి తప్పినా బోరబండలోని రెండు గదుల ఇల్లు ఓంప్రకాష్‌ది. రాజమ్మ పదకొండు కట్టింది. పన్నెండోదానికి డబ్బు లేదు. రెండు నెలలుగా కూలి రాలేదు. చెక్కులు ఇంకా రాలేదని కంపెనీ వాళ్లు తిప్పుతున్నారు.

"చెక్కొచ్చిననాడు ఆలస్యం గావొద్దని, పైసా లేకున్నా తెరిచే ఖాతా ఉన్నదంటే పోయిన. మా ఏజెంటు మనోజక్క ముందే అన్నది, ఒప్పందంల ఉన్నోళ్లకు ఖాతా ఇయ్యరు, పోతే పోలీసులకు పట్టిస్తరని. అయినా పోయిన. కౌంటర్ల పిల్ల నన్ను జూసి, 'పోయిన నెలనే తెరిచినవు గదమ్మా' అని ఫోటో చూపించింది. ఎర్ర పట్టుచీర, గింత బొట్టు, మెడల నల్లపూసలు. ఆయన పోయినంక నేను గవన్నీ ముట్టలే మేడమ్."

రామకృష్ణ తలుపు వైపు ఒకసారి చూశాడు. లీలాకుమారి మాత్రం గొడుగు అందుకుంది.

బ్యాంకు మేనేజరు రష్మి కాగితాలు చూపించడానికి తటపటాయించింది. రాజమ్మ ముఖాన్నీ ఫోటోనూ మార్చి మార్చి చూసి, ఆమె చేత ఫిర్యాదు రాయించుకుని, ఫారం ఇటు తిప్పింది. పేరు దగ్గర కె. రాజమ్మ అని ఉంది. సంతకం లేదు, వేలిముద్ర ఉంది. ఈమె నాకు తెలుసని పరిచయం సంతకం చేసింది ఓంప్రకాష్. ఖాతాలో రెండు చెక్కులు పడ్డాయి, పడ్డరోజే ఏటీఎం కార్డుతో మొత్తం తీసేశారు.

"మాది మాదాసోళ్ల ఇల్లు. కె ఏంది?" అంది రాజమ్మ. "నాకు సంతకం గూడ వస్తది."

లీలాకుమారి మేనేజరును అడిగింది. "అప్పు ఒప్పందంలో ఉన్న మనిషికి ఈ ఖాతా ఇవ్వరా?"

"ఎవరన్నరు మేడమ్? ఇది బీదవాళ్ల కోసమే పెట్టిన ఖాతా. మేం అప్పివ్వట్లేదు, వాళ్ల పైసలు దాస్తున్నం. పాత అప్పు అడ్డం రాదు."

లీలాకుమారి ఫోటో మీద వేలు పెట్టింది. భుజం దగ్గర, కత్తిరించిన అంచున, తెల్ల కాగితం ముక్క కనబడీ కనబడనట్టుంది.

"రామకృష్ణగారూ, ఇదేమిటి?"

"కంటిన్యుటీ ఫోటో మేడమ్! ఇవాళ పెట్టిన బొట్టు రేపటి షాటుకు మారకుండా తీసి పెట్టుకుంటాం. ఆ కాగితం మీద సీను నంబరుంటుంది. ఈ ఫోటోలు ప్రొడక్షన్ ఆఫీసు ఆల్బంలో ఉంటాయి."

"అవును, పెండ్లి సీనుల కూసున్న" అని రాజమ్మ గొణిగింది.

ఓంప్రకాష్ తన కొట్టులో అగరువత్తి వెలిగిస్తూ దొరికాడు. "పరిచయం సంతకమా? యాభై రూపాయలిస్తే బస్తీల ఎవలకైనా చేస్త. ఖాళీ ఫారాల మీద గూడ చేసిన. ఎవలెవలికో యాదికి లేదు" అన్నాడు. తర్వాత రాజమ్మ వైపు తిరిగి నెమ్మదిగా, "ఎల్లుండి పదో తారీకు. ఇల్లు సున్నం ఏయించి ఉంచు" అన్నాడు.

బయటికి రాగానే రామకృష్ణ పళ్లు కొరికాడు. "వీడే మేడమ్. సంతకం వీడిదే, ఇల్లూ వీడికే."

"ఇంటి కోసం నోరు తెరుచుకుని కూర్చున్నవాడు, తన సంతకం పెట్టి మరీ దొంగతనం చేస్తాడా?"

కృష్ణానగర్ సందులో మనోజ ఇస్త్రీ చీరలు లెక్కపెట్టుకుంటోంది. "మా కుండ రాజమ్మకు ఏమైంది?" అంటూ లేచి, రాజమ్మ చెయ్యి పట్టుకుంది. మొదటి సినిమాలో రాజమ్మ చెయ్యి పెట్టకుండా నెత్తి మీద మూడు కుండలు మోసిందట. అప్పటినుంచి సెట్లో అందరికీ ఆమె కుండ రాజమ్మే.

"ఖాతా ఇవ్వరని నీకెవరు చెప్పారు?" అంది లీలాకుమారి.

"ఆఫీసుల అన్నరు మేడమ్. అప్పులున్నోళ్లు బ్యాంకు దిక్కు పోవద్దు, మంచికే చెప్తున్నమన్నరు."

మర్నాడు, తొమ్మిదో తారీకు. బ్యాంకు మేనేజరు గదిలో అందరినీ కూర్చోబెట్టింది లీలాకుమారి. ఓంప్రకాష్, మనోజ, వాళ్లతోపాటు రాజమ్మ పనిచేసిన ఫిల్మ్‌నగర్ సినిమా కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు వీరరాఘవయ్య. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, మర్యాదస్థుడు, ఒళ్లో తోలు సంచి. బయట వాన ఒక్కసారిగా దిగింది.

"జూనియర్ల డబ్బు విషయంలో మా కంపెనీ నిప్పండీ. చెక్కులే ఇంకా రాలేదు" అన్నాడు.

లీలాకుమారి తలా ఒక కాగితం ఇచ్చింది. "రాజమ్మ పేరు ఇంటిపేరుతో సహా రాయండి. అంతే."

ఓంప్రకాష్ తన ఒప్పందంలో ఉన్నట్టే మాదాసు రాజమ్మ అని రాశాడు. మనోజా అదే రాసింది. వీరరాఘవయ్య కాగితం మీద 'కుండ రాజమ్మ' అని ఉంది. మనోజ పక్కున నవ్వింది.

"నవ్వుతారేంటండీ? కుండే కదండీ వీళ్ల ఇంటిపేరు?" అన్నాడాయన.

"కాదు. ఫారం మీది 'కె' అంటే కుండ. అది ఇంటిపేరని నిజంగా నమ్మినవాడే ఈ ఫారం నింపాడు" అంది లీలాకుమారి. "చెక్కు మీది పేరూ ఖాతా పేరూ కలవకపోతే డబ్బు రాదు. కూలీల జాబితా మీరే రాశారు, సెట్లో విన్న పేరు ఇంటిపేరనుకుని. చెక్కులు ఆ పేరుతోనే వచ్చాయి, మీ చేతికే. వాటిని డబ్బు చేసుకోవాలంటే ఆ పేరున ఖాతా కావాలి. ముఖం మీ ఆఫీసు ఆల్బంలో ఉంది. వేలిముద్రకు ఎవరి వేలైనా చాలు. ఇక మిగిలిన భయం ఒక్కటే, అసలు రాజమ్మ బ్యాంకు మెట్లెక్కడం. అందుకే ఒప్పందంలో ఉన్నవాళ్లకు ఖాతా ఇవ్వరని మనోజ చెవిన వేశారు. అది చెప్పిన ఆఫీసు మనిషి ఎవరు మనోజా?"

మనోజ వేలు వీరరాఘవయ్య వైపు లేచింది. ఓంప్రకాష్ తొడ చరిచాడు. "యాదికొచ్చింది! పదకొండు ఖాళీ ఫారాలు ఈయనకే ఇచ్చిన!"

వీరరాఘవయ్య రెండు చేతులూ సంచి మీద బిగుసుకున్నాయి. రామకృష్ణ వణికే చేతులతోనే దాన్ని లాగాడు. రబ్బరు బ్యాండు వేసిన ఏటీఎం కార్డుల కట్ట నేల మీద పడింది. పదకొండు. రష్మి ఫారాలన్నీ తెప్పించి బల్ల మీద పరిచింది. పదకొండు ముఖాలు, పెళ్లి చీరల్లో, పూలల్లో, నవ్వుతూ.

మనోజ ఒక ఫోటో దగ్గర ఆగిపోయింది. "అయ్యో, ఈమె మా పుష్పవల్లి. నిరుడే సచ్చిపోయింది గదా!"

చచ్చిన మనిషి పేరునా కూలి రాస్తున్నాడు వీరరాఘవయ్య. రష్మి ఆ ఫారాన్ని విడిగా తీసి పెట్టింది.

పోలీసులు వచ్చి ఆయన్ను తీసుకుపోయారు. కంపెనీ యజమాని పరువుకు భయపడి, రాజమ్మ రెండు నెలల కూలికి ఆ సాయంత్రమే కొత్త చెక్కు రాసి పంపాడు. ఆ చెక్కు చెల్లేదాకా ఆగే తీరిక పదో తారీకుకు లేదు కదా. లీలాకుమారి తన డబ్బు అప్పుగా ఇవ్వబోతే రాజమ్మ తల అడ్డంగా తిప్పింది. "ఇంకో అప్పు వద్దు మేడమ్." రష్మే దారి చూపింది. రాజమ్మ పేర కొత్త ఖాతా తెరిచి, చెక్కు అందులో వేయించి, రసీదు మీద బ్యాంకు ముద్ర కొట్టి ఓంప్రకాష్ ముందు పెట్టింది. "పైసలొచ్చేదాక ఆగుతనని రాసియ్యండి. లేదంటే ఖాళీ ఫారాల మీది మీ సంతకాల ముచ్చట కూడ పోలీసులకు చెప్పాల్సొస్తది." ఓంప్రకాష్ కలం తీసి రాసిచ్చాడు.

ఖాతా ఫారం మీద రాజమ్మ వేలిముద్ర వేయలేదు. నాలుక కొస పళ్లమధ్య పెట్టుకుని, ఒక్కొక్క అక్షరమే దిద్దుతూ సంతకం చేసింది. ఫోటోలో పాత నూలుచీర, బోసి మెడ. అది చూసి, "ఈమె నేనే" అంది.

ఈ కథ మీ దగ్గరే దాచుకోకండి. అప్పులున్నవాళ్లు బ్యాంకు మెట్లెక్కకూడదని ఎవరైనా మంచిమాటగా చెప్పారంటే, ఆ మాట ఎవరికి లాభమో ముందు చూడండి. తర్వాత వినేవాళ్లను ఇట్లాగే దగ్గరకు పిలిచి, ఇదంతా చెప్పండి. ఒక్కటి మాత్రం మరిచిపోవద్దు. ఆమె మాదాసు రాజమ్మ. ఇంటిపేరు తప్పు చెప్పకండి.